నీళ్లు వంచిన నడుములు



అనంతపురం జిల్లా పల్లెల్లో ఇంటింటి సందర్శనకు వెళ్లే ప్రతి సేవకుడు ఒక మాట వినే ఉంటాడు. "వయసైపాయ, నడుము వంగిపాయ, ఇంగేముందయ్యగారూ!" అంటారు. ఆ మాట అన్నవారి వయసు ఎంతో అడిగి చూడండి. ఒక్కోసారి డెబ్బై అంటారు. ఒక్కోసారి నలభై ఐదు అంటారు. నలభై ఐదేళ్లకే మెడ తిరగక, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూచే మనిషిని వయసు అలా చేసిందంటే మనం ఒప్పుకోవచ్చునా? పక్కింటి ముసలమ్మ ఎనభై ఏళ్లకు నిటారుగా నడుస్తుంటే, ఈయన నలభై ఐదుకే ఎందుకు వంగిపోయాడని అడిగేవారు కావాలి. ఈ నెల ఆ ప్రశ్న అడిగినవారి చరిత్రను, ఆ ప్రశ్నను ఇంటి దగ్గర, ఆసుపత్రి దగ్గర ఎలా అడగాలో దానిని కలిపి చెప్పుకుందాము.

లూకా సువార్త 13వ అధ్యాయములో నడుము వంగిపోయిన స్త్రీ మనందరికీ తెలుసు. లూకా వైద్యుడని మనం చదువుకున్నాము. ఆయన ఆమెను గూర్చి ఏమేమి రాసిపెట్టాడో గమనించండి. ఎన్ని సంవత్సరాల నుండి ఉన్నదో రాశాడు, పద్దెనిమిది ఏండ్లు. శరీరం ఏ తీరులో ఉన్నదో రాశాడు. ఎంతవరకు కదలగలదో కూడా రాశాడు, చక్కగా నిలబడడం ఆమెకు ఎంతమాత్రం చేతకాలేదని. ఈనాడు నర్సింగు విద్యార్థినికి మొదటి సంవత్సరంలో నేర్పేది ఈ మూడే. ఎన్నాళ్ల నుండి, ఏ తీరులో, ఎంత కదలిక. మందు తరువాత వస్తుంది. మొదట చూడడం రావాలి.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాము.

ఇది మొదట పశువుల్లో కనిపించింది. 1930ల తొలి సంవత్సరాలలో, ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, రైతులు ఎద్దులను గూర్చి మొరపెట్టారు. కాడి కట్టబోతే ఎద్దు అడుగు వేయలేదు, కీళ్లు బిగుసుకుపోయాయి. మంచి ఎద్దులకు పేరుపడిన సీమ అది. తన నడుము నొప్పి అయితే రైతు ఓర్చుకుంటాడు గాని ఎద్దు కుంటితే ఊరుకోడు. మనుష్యుల జబ్బు బయటపడడానికి పశువుల జబ్బు దారి చూపవలసి వచ్చింది.

1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెన్రీ షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బును గూర్చి వైద్య పత్రికలో ప్రకటించారు. అదే ఏడు షార్ట్‌తో పాటు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ మరొక వ్యాసం ప్రచురించారు. బర్నార్డ్ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విద్యకు పునాది వేసినవాడు, అక్కడి సంస్థకు ఆయన పేరే ఉన్నది. పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యాడు. వీరు చూచిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుండి విడిపోయి ప్రకాశం వైపు వచ్చాయి.

వారు రోగులలో చూచిన క్రమం ఈనాటికీ చెక్కుచెదరలేదు. మొదట కాళ్లు చేతులు తిమ్మిర్లు. తరువాత నడుములో నొప్పి, బిగుసు. అది వెన్ను మీదుగా మెడ దాకా పాకుతుంది. చివరకు వెన్నెముక అంతా ఒకే కడ్డీలాగా అవుతుంది. పక్కటెముకలు కూడా కదలవు, ఊపిరి తీస్తే ఛాతీ పెరగదు, కడుపు మాత్రమే ఎగసిపడుతుంది. కడపట మంచం. మనిషి మంచాన పడినా బుద్ధి మాత్రం తేటగా ఉంటుంది, తనకేమి జరుగుతున్నదో అంతా తెలుస్తూనే ఉంటుంది. ఇది చదివినప్పుడు నా మనస్సు చాలా కలత చెందింది.

కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్. ఈ సంగతి అప్పటికి లోకానికే కొత్త. అమెరికాలోని కొలరాడోలో ఫ్రెడరిక్ మెక్కే అనే దంతవైద్యుడు 1901 నుండి పిల్లల పళ్ల మీది గోధుమరంగు మచ్చల వెంట తిరిగాడు. అది నీటిలోని ఫ్లోరైడ్ వల్ల అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. అక్కడ పళ్ల మచ్చలతో ఆగిన కథ, ఆరేండ్ల తరువాత మన తెలుగు పల్లెల్లో ఎముకల దాకా, నరాల దాకా వచ్చింది.

అది ఎలా పని చేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే సంరక్షణ అంతా దాని మీదే ఆధారపడి ఉన్నది. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దానిని దట్టం చేస్తుంది. దట్టమైతే బలమే కదా అని మీరనవచ్చు. కాదు, చూపుకు గట్టిగా ఉంటుంది గాని పెళుసుగా మారుతుంది. ఎముకను ఎముకతో కట్టే తంతువులు కూడా రాయిలాగా గట్టిపడతాయి. మెడలో, వీపులో వెన్నుపాము నడిచే దారి ఇరుకైపోతుంది. నలువైపుల నుండి గోడ దగ్గరకు జరుగుతున్న గదిలో ఉన్నట్టు వెన్నుపాము నలిగిపోతుంది. అందుకే ఎముకల జబ్బుగా మొదలైనది నరాల జబ్బుగా ముగుస్తుంది. హైదరాబాదులో నరాల శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి తన జీవితంలో చాలా భాగం ఈ ఒక్క సంగతిని గూర్చి రాస్తూ వచ్చారు.

నల్లగొండ సంగతి మీకు తెలిసిందే, త్వరగా చెప్తాను. 1955లో సిద్దీఖీ అనే వైద్యుడు ఆ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరొక రూపాన్ని కనిపెట్టారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు దూరదూరంగా పడే వంకర అది. నీటి నుండి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపే పద్ధతిని 1975లో నాగపూరు సంస్థవారు ప్రకటించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. పేరు ప్రపంచమంతా పోయింది, నీళ్లు మాత్రం రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. తాగునీటి కోసం చేసిన నిరసన అది. ఓటు కాగితం పుస్తకమంత అయ్యింది. ఆ పోరాటానికి ముఖంగా నిలిచిన అంశల స్వామి 2023 జనవరిలో, వాహనం మీద నుండి పడి గాయపడిన తరువాత కన్నుమూశారు. పడిపోవడం అనే ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇక మన అనంతపురం. 1882లో బళ్లారి నుండి విడదీసి చేసిన జిల్లా. 2022లో మళ్లీ రెండుగా విడిపోయింది, కదిరి, ధర్మవరం, బత్తలపల్లి వైపు శ్రీ సత్యసాయి జిల్లా అయ్యింది. జిల్లా ఏదైనా కింద ఉన్న బండ ఒకటే. అది గ్రానైటు జాతి బండ. ఆ రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బండలోని నీటిని పలుచన చేసే కొత్త నీరు దిగదు. ఉన్న నీరే రాతిని ఒరుసుకొని ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. బోర్లు రాకముందు కూడా ఈ జబ్బు ఉన్నది, నెల్లూరులో అది చేదబావుల కాలమే. అయితే చెరువులు ఎండి, మోట బావులు పాడై, వేరుశనగ చేలకు, ఇంటి కుండకు బోరే దిక్కైన తరువాత, మనం మరింత లోతు బండలోని నీటిని తాగవలసి వచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చునని భారత ప్రమాణం చెప్తుంది. ఆ గీత దాటిన ఊళ్లు రెండు జిల్లాలలోనూ ఉన్నాయి.

1995లో మొదలైన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు పైపుల నీరు తెచ్చింది. మనం ఏ సంఘం వారమైనా ఆ మాట చెప్పుకోవలసిందే, దాహానికి పేరు లేదు. కాని పైపు వచ్చినంత మాత్రాన పని ముగిసిందనుకోవద్దు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ చాలా నిదానంగా, ఏళ్ల మీద ఏళ్లకు గాని దిగదు. 1980లలో బోరు నీళ్లు తాగి పెరిగినవారి నడుములు ఇప్పుడు బిగుసుకుంటున్నాయి. పైగా పైపు నీరు రాని వారంలో అదే బోరింగు దగ్గరకు వెళ్తాము. మరొక మాట, మన ఆడవారు చాలామంది నీళ్లు కాచి తాగితే మంచిదనుకుంటారు. క్రిముల విషయంలో అది నిజమే. ఫ్లోరైడ్ విషయంలో తలకిందులు. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ కుండలోనే మిగులుతుంది, మరిగే కొద్దీ చిక్కనవుతుంది.

ఇప్పుడు చూడడం ఎలాగో నేర్చుకుందాము. మన సంఘాలలో నర్సులుగా, ఏఎన్ఎంలుగా, ఆశా కార్యకర్తలుగా పని చేసే సహోదరీలు ఎందరో ఉన్నారు. వారికి ఇది తెలిసిన పాఠమే. మిగిలిన మనకు కొత్త.

2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పల్లెలో ఎవరైనా చేయగలిగిన మూడు పరీక్షలను వాడుకలోకి తెచ్చింది. నేల మీద రూపాయి బిళ్ల పెట్టి మోకాళ్లు వంచకుండా తీయమనాలి. గడ్డం ఛాతీకి ఆనించమనాలి. రెండు చేతులు పక్కలకు చాచి, మడిచి, తల వెనుక పెట్టుకోమనాలి. చేయలేకపోతే జబ్బు ఉన్నదని తీర్పు చెప్పకూడదు, అనుమానించి ఆసుపత్రికి పంపాలి. మెడ నొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కేవారిని ఈ పరీక్షల కోసం బలవంతం చేయవద్దు.

పళ్లు చూడడం తెలిసిన నర్సు ఊరి చరిత్రనే చదవగలదు. పన్ను పొర తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపల. కాబట్టి బడిపిల్లల పళ్ల మీద అడ్డంగా పడిన తెలుపు, గోధుమ చారలు ఆ ఊరు గత పదేండ్లలో ఏ నీళ్లు తాగిందో చెప్తాయి. అయితే ఇక్కడ ఒక మోసం ఉన్నది. కోడలు వేరే ఊరి నుండి వస్తుంది. మంచి నీళ్లూరిలో పెరిగిన ఆమె పళ్లు తెల్లగా ఉంటాయి. ఇరవై ఏండ్లు అత్తగారింటి బోరు నీళ్లు తాగి నడుము పట్టేస్తుంది. పళ్లు బాగున్నాయి గనుక ఫ్లోరైడ్ కాదని కొట్టివేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. అందుకే మంచి నర్సు "ఏ ఊరమ్మా మీది?" అని అడిగి ఆగదు. "పుట్టిల్లేది? పెండ్లయి ఎన్నేండ్లయింది? ఇన్నాళ్లూ ఏ నీళ్లు తాగినారు?" అని అడుగుతుంది.

నరాల దాకా వచ్చిందో లేదో తెలిపే ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి, ఇవి ఏ పెద్ద యంత్రాలూ లేని ప్రశ్నలు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా? చీకట్లో, ముఖం కడుక్కొనేటప్పుడు కండ్లు మూసుకుంటే తూలుతున్నారా? చొక్కా గుండీలు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమయిందా? కాళ్లు కర్రల్లాగా బిగుసుకుంటున్నాయా? మూత్రం ఆపుకోలేకపోతున్నారా, లేక రావడమే కష్టమా? ఈ చివరి ప్రశ్న మన ఆడవారిని ఎవరూ అడగరు, వారు చెప్పరు. అది అడగడానికి నర్సమ్మే ఉండాలి. నడకలో మార్పు, మూత్రంలో మార్పు కనబడిన తరువాత కాలయాపన చేయరాదు. వెన్నుపాము మీది ఒత్తిడి తీసే శస్త్రచికిత్స ఉన్నది, అయితే ఎంత ముందుగా వెళ్తే అంత మేలు. పూర్తిగా చచ్చుబడిన కాళ్లకు తిరిగి ప్రాణం తేవడం కత్తికి కూడా కష్టమే.

దీనికి బదులు మన పల్లెల్లో జరిగేదేమిటి? నొప్పి గోలీలు. సంత దినం సూది. కీళ్లవాతం అనుకొని ఏళ్ల తరబడి మింగుతారు. ఆ గోలీలు చాలాకాలం వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. శరీరం నుండి ఫ్లోరైడ్‌ను బయటకు పంపేది ఆ మూత్రపిండాలే. అవి చెడితే మరింత ఫ్లోరైడ్ ఎముకలోనే నిలుస్తుంది. నొప్పికి వేసిన మందు నొప్పికి మూలాన్ని పెంచుతుంది. చెయ్యి విరిగితే సీమవారికి పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజమే, దానిని గూర్చి నేను వాదించను. కాని బిగుసుకున్న మెడను పట్టి విరవడం, వీపు తొక్కించడం మాత్రం ఫ్లోరైడ్ ఊళ్లలో ఎవరూ చేయించుకోకూడదు. లోపల ఇరుకు దారిలో వెన్నుపాము ఉన్నదని మరువవద్దు.

పడిపోవడం దగ్గరకు తిరిగి వస్తానన్నాను. మామూలు మనిషి జారిపడితే మెడ వంగి దెబ్బను పంచుకుంటుంది. కడ్డీలాంటి మెడ వంగదు, దెబ్బంతా ఒక్కచోటే తగులుతుంది. అందుకే చిన్న పాటున కూడా కాళ్లు చేతులు పడిపోవచ్చు. అలాంటివారిని జబ్బ పట్టి లేపి కూర్చోబెట్టకండి, ఆటోలో మడిచి పడుకోబెట్టకండి. తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉంచి, నలుగురు కలిసి దూలాన్ని దొర్లించినట్టు దొర్లించి, తలుపు చెక్క మీదికో బల్ల మీదికో చేర్చి 108కి ఫోన్ చేయండి.

మంచాన పడినవారి సేవను గూర్చి చరిత్ర మనకు గొప్ప పాఠం నేర్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికులు చాలామంది ఆ దెబ్బతో చనిపోలేదు. పడకపుండ్లతో, మూత్రపు చీముతో చనిపోయారు. హిట్లరు జర్మనీ నుండి పారిపోయి వచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో ఆ రోగుల వార్డును చేపట్టాడు. ఆయన చేయించిన పని వినడానికి చాలా చిన్నది. రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి రోగిని ఒక పక్క నుండి మరొక పక్కకు తిప్పించాడు. ఆ పని చేసినవారు నర్సులు, సహాయకులు. చావవలసినవారు బ్రతికారు. 1948లో అక్కడ 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చొని విలువిద్య పోటీ చేశారు. నేటి పారాలింపిక్స్ దాని నుండే వచ్చింది.

మన దగ్గరకు ఆ విద్య వచ్చిన దారి రాయవేలూరు. సీమ పల్లెల్లో జబ్బు ముదిరితే నేటికీ "రాయవేలూరుకు తీసుకపోండి" అంటారు కదా! అక్కడి వైద్య కళాశాలలో చదివిన యువ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదంలో వెన్ను విరిగి, నడుము కింద స్పర్శ కోల్పోయింది. శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆమెను చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేయమని ప్రోత్సహించాడు. ఆమె చేసింది. తరువాత విదేశాలలో పునరావాస వైద్యం చదివి వచ్చి ఆ విభాగాన్ని నడిపించింది. 1966లో వెన్ను విరిగినవారిని ఉంచుకొని బ్రతుకు నేర్పే కేంద్రం అక్కడ ఏర్పడింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆమె రోగుల ముందుకు తన కుర్చీలోనే వచ్చేది. వేరే ధైర్యవచనం ఏమి కావాలి?

అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్న ఫెర్రర్ మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అందరూ ఆర్డీటీ అని పిలిచేది, కల్యాణదుర్గంలో, బత్తలపల్లిలో ఆసుపత్రులు కట్టింది. వికలాంగులకు పనిముట్లు, చదువు, సంఘాలు ఏర్పరచింది. బత్తలపల్లిలో నర్సింగు పాఠశాల నడిపింది. పల్లె పిల్లలు నర్సులై తమ భాషలో, తమ యాసలో "చెప్పు జారిపోతాందా పెద్దమ్మా?" అని అడగగలగడం చిన్న సంగతి కాదు. పట్నం నుండి వచ్చిన డాక్టరు ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో అడిగేలోపల పెద్దమ్మ తలూపి వెళ్లిపోతుంది.

ఇంట్లో సేవ చేసేవారికి నాలుగు మాటలు. రెండు గంటలకొకసారి తిప్పండి, రాత్రి కూడా, ఇంటివారు వంతులు వేసుకోండి. మడమలు, తుంటి, నడుము చివర రోజూ చూడండి. ఎర్రగా ఉండి వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైందని అర్థం. దాని మీద కూర్చోనివ్వకండి, మాలిష్ చేయకండి. స్పర్శ లేని కాళ్లకు కాపడం పెట్టకండి, బొబ్బలు వచ్చినా వారికి తెలియదు. ఛాతీ కదలని మనిషికి కఫం ఊరకే నిలుస్తుంది, గంటకొకసారి గట్టిగా ఊపిరి తీయించి దగ్గించండి. నీళ్లు తక్కువ తాగితే మూత్రం బాధ ఉండదని వారు అనుకుంటారు, అది తప్పు, మంచి నీళ్లు తాగించండి. తిండిలో రాగి సంగటి, పాలు, ఉసిరి, ఆకుకూరలు ఉండాలి. సున్నపు సత్తువ తక్కువైన ఒంటిలో ఫ్లోరైడ్ మరింత కీడు చేస్తుంది. రాగులు వదిలి బియ్యానికి మారిన మన ఇండ్లు దీనిని ఆలోచించాలి. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించారు. అది మందు అని చెప్పను గాని మన చారు, పులగూర మానవద్దు. నల్ల ఉప్పు, పాలు లేని చిక్కటి టీ తగ్గించండి, రెంటిలోనూ ఫ్లోరైడ్ ఉన్నది.

మరొక సంగతి, పెద్దలు నొచ్చుకోవద్దు. మన దేవాలయాలలో చాలావాటికి మూడు నాలుగు మెట్లు ఉన్నాయి, పక్కన వాలు దారి లేదు. నడుము బిగిసినవారు ఆదివారం రావడం మానేస్తే, విశ్వాసం తగ్గిందేమో అని మనం మాట్లాడుకుంటాము. మేస్త్రీని పిలిస్తే రెండు దినాల పని అది.

నీళ్లు పరీక్ష చేయించాలనుకొనేవారు గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలను అడగండి. గాజు సీసాలో తీసుకపోవద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి. బోరును ఐదు నిమిషాలు కొట్టి మొదటి నీళ్లు వదిలిపెట్టి, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు తొలిచి నింపండి. సీసా మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, లోతు, తేదీ రాయండి. తాగే బోరు వేరు, వాడుక బోరు వేరు అయితే రెండు సీసాలు పట్టుకెళ్లండి.